హిందూపురం పన్ను పంచాంగం

ఉగాదినాడు ఏ ఊళ్లోనైనా ఒక పంచాంగమే చదువుతారు. హిందూపురం బజారు వీధిలో మాత్రం రెండు చదువుతారు. పొద్దున గుడిలో అయ్యవారు చదివేది ఒకటి, సాయంత్రం సత్రం అరుగు మీద లక్ష్మీనరసయ్య చదివేది ఇంకొకటి. మొదటిదానికి జనం పచ్చడి కోసం వస్తారు. రెండోదానికి భయంతో వస్తారు, ఎందుకంటే అది ఇన్‌కమ్ టాక్స్ పంచాంగం.

అది మొదలైన తీరు కూడా తమాషాగానే ఉంటుంది. ఎప్పుడో ఒక ఉగాదికి అయ్యవారు గ్రహాల సంగతంతా చెప్పి ముగించబోతుంటే బెల్లం మండీ వ్యాపారి ఒకాయన లేచి, “శని యాడుంటే మాకేంది సామీ, ఈ ఏడు టాక్సు ఎంతో అది చెప్పండి” అన్నాడట. అయ్యవారు నవ్వి, వెనక వరసలో కూర్చున్న లక్ష్మీనరసయ్య వైపు చేయి చూపించాడు. లక్ష్మీనరసయ్య అప్పటికే ఊళ్లో సగంమందికి రిటర్నులు వేసిపెట్టేవాడు. లేచి నిలబడి పది నిమిషాలు చెప్పాడు. మరుసటి ఏడు అరగంట చెప్పాడు. ఆ తర్వాత మైకు వచ్చింది, షామియానా వచ్చింది, చివర్లో పానకం కూడా వచ్చింది.

ఆయన చెప్పే తీరే వేరు. మనుషుల్ని పన్నెండు రాశులుగా కాదు, నాలుగు రాశులుగా విడగొట్టాడు. జీతాలవాళ్లది ఒక రాశి, వ్యాపారస్తులది ఒకటి, పింఛనుదార్లది ఒకటి, వడ్డీల మీదా బాడుగల మీదా బతికేవాళ్లది ఒకటి. “ఆదాయం ఎంతో మీకు తెలుసు, వ్యయం ఎంతో మీ ఇంట్లోవాళ్లకు తెలుసు. రాజపూజ్యం అంటే రీఫండు. అవమానం అంటే నోటీసు” అనేవాడు. ఏటా అదే మాట. ఏటా అప్పుడే విన్నట్టు జనం నవ్వేవాళ్లు.

అసలు ఆయన పంచాంగానికి ప్రాణం పొదుపు. ఏడాదికి లక్షన్నర దాకా దాచుకుంటే ఆ మేరకు ఆదాయంలో తీసేసి, మిగిలినదానికే పన్ను వేసే సెక్షన్ ఒకటి ఉంది. దాని పేరు ఎయిటీ సీ. ఆ సెక్షన్ మీద లక్ష్మీనరసయ్యకు ఉన్న ప్రేమ సొంత తమ్ముడి మీద కూడా ఉండేది కాదు. తమ్ముడు కూడా దానికి తగ్గట్టే నడుచుకున్నాడు లెండి, అది వేరే సంగతి. “దాచుకో నాయనా, దాచుకుంటే నీ పన్ను తగ్గిస్తానని గవర్నమెంటే బతిమాలుతాంది. ఇంతకంటే ఎవురు చెప్తారు మీకు? మార్చి ముప్పై ఒకటి లోపల కట్టండి. కట్టనోళ్లు తర్వాత నా దగ్గరికొచ్చి ఏడవద్దండి” అని మైకు దద్దరిల్లేట్టు చెప్పి ముగించేవాడు.

కొన్నేళ్ల కిందట కొత్త పద్ధతి అని ఒకటి వచ్చింది. అందులో పన్ను రేట్లు తక్కువ, కానీ దాచుకున్నందుకు తగ్గింపు లేదు. పాతది కావాలంటే పాతది, కొత్తది కావాలంటే కొత్తది, ఎవరిష్టం వాళ్లది. లక్ష్మీనరసయ్య కొత్త పద్ధతి గురించి చెప్పేటప్పుడు ఇష్టం లేని సంబంధం గురించి చెప్పినట్టు రెండు ముక్కలు చెప్పి వదిలేసేవాడు. ఏటేటా అది బలుస్తూ పోయింది. రెండువేల ఇరవై ఐదు ఫిబ్రవరి ఒకటో తారీఖున అది ఒక్కసారిగా ఊరంతటికీ ముద్దుబిడ్డ అయింది. రాబోయే ఏప్రిల్ నుంచి కొత్త పద్ధతిలో పన్నెండు లక్షల ఆదాయం దాకా పన్నే లేదని టీవీలో చెప్పారు. జీతాలవాళ్లకైతే పన్నెండుముక్కాలు.

బజారు వీధిలో పండగ వాతావరణం వచ్చేసింది. మిఠాయి అంగడి ముందు బేరం మూడింతలైంది. లక్ష్మీనరసయ్య మాత్రం టీవీ ముందు గుడ్లప్పగించి కూర్చున్నాడు. భార్య అలివేలమ్మ వచ్చి చూసింది.

“ఏమండీ, ఊరంతా సంబరపడ్తాంటే మీరేంది ఇట్ల కూర్చున్నారు?”

“జనాలకు మంచిదే అలివేలూ. నేను కాదంటానా?”

“మరి?”

“పన్ను తగ్గుతాదని చెప్పి ఇన్నేళ్లు జనాల చేత దాచిపెట్టించినా. ఇప్పుడు పన్నే లేకపాయె. ఇంగ ఎవురు దాచుకుంటారు? నేను చెప్పిందంతా ఆ సెక్షన్‌తోనే పోయినట్టే గదా.”

ఆయనకు ఫీజు పోతుందన్న దిగులు కాదని అలివేలమ్మకు తెలుసు. డెబ్బై దాటాక ఫీజు ఎవరు అడిగారు? తను బతుకంతా చెప్పిన ఒకే ఒక్క మంచిమాట వట్టి లంచం మీద నిలబడిందేమో అన్నది ఆయన బాధ. లంచం తీసేస్తే మాట నిలబడుతుందా? ఆ ప్రశ్న ఆయన్ని తినేస్తోంది. ఆ రోజే ఆయన మనసులో ఒక నిర్ణయం జరిగిపోయింది. ఈ ఉగాదికి అరుగు ఎక్కడు. ఎక్కి చెప్పడానికి ఏముంది కనక?

అలవాటు మాత్రం మనిషిని ఊరికే ఉండనీయదు. మార్చి నెల వచ్చిందంటే లక్ష్మీనరసయ్య ప్యాసింజరు ఎక్కి ధర్మవరం దాకా వెళ్లి, వచ్చేటప్పుడు పెనుకొండలో దిగి, తనకు కావలసినవాళ్లు పొదుపు కట్టారో లేదో కనుక్కుని వస్తాడు. ఈ ఏడూ బయల్దేరాడు. ఒకసారి చూసొస్తానని భార్యతో అన్నాడు కానీ, నిజానికి ఎవరైనా ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు, పన్ను లేకపోయినా దాచుకుంటామని అంటారేమోనన్న ఆశ ఆయన్ని రైలెక్కించింది.

ధర్మవరంలో మేనల్లుడు కృష్ణకాంత్‌కు పట్టుచీరల అంగడి ఉంది. మనిషి మంచివాడే, నోరే కొంచెం ముందు నడుస్తుంది. మామను చూడగానే గద్దె మీద నుంచి లేచి, దిండు సర్ది, కాఫీ తెప్పించాడు.

“ఏం మామా, ఈ ఏడు ఉగాదికి మీకు సెలవే గదా?”

“సెలవేంది అల్లుడా?”

“ఇంగ మీ పంచాంగం ఒక్క వాక్యమే గదా. పన్నెండు లక్షల దాకా ఏమీ లేదు, ఇంటికి పోండి. దానికి మైకెందుకు, షామియానా ఎందుకు? పానకం ఒకటి పోసి పంపిస్తే సరిపాయె.”

అంగడిలో చీరలు మడతపెడుతున్న వాళ్లు కూడా నవ్వారు. లక్ష్మీనరసయ్య కూడా నవ్వాడు. నవ్వకపోతే బాగుండదని నవ్వాడు.

“నువ్వు ఏటా వేసే లక్షన్నర ఏం జేస్తావు మరి?”

“ఏం జేసేదేంది మామా, అంగడికి ఏసీ పెట్టిస్తా. ఎండాకాలం పెండ్లి బేరాలకు వచ్చేటోళ్లు చెమటలు కక్కుతాండారు” అన్నాడు కృష్ణకాంత్.

ఏసీ తప్పు కాదు. వ్యాపారస్తుడికి అది కూడా పెట్టుబడే. అది లక్ష్మీనరసయ్యకూ తెలుసు. కాఫీ తాగి, చెల్లెల్ని పలకరించి, మళ్లీ రైలెక్కాడు.

పెనుకొండలో ఉమారాణి ఇల్లు స్టేషను నుంచి ఆటోలో పది నిమిషాలు. హైస్కూల్లో లెక్కల టీచరు. చాలా ఏళ్లుగా ఈయన చెప్పినట్టే నడుచుకునే మనిషి. ఈయన గేటు తీస్తుండగానే ఎదురొచ్చి, చేతిలో సంచీ తీసుకుంది.

“సార్, ఈసారి మీకు శ్రమ లేదు. నేనేం కట్టలేదు. పన్నెండు లక్షల దాకా లేదంట గదా, నా జీతం దాని లోపలే.”

లక్ష్మీనరసయ్యలో ఉన్న పాత మనిషి ఠక్కున మేల్కొన్నాడు. “ఆగమ్మా, ఆగు. ఆ పన్నెండు లక్షలు ఏప్రిల్ ఒకటి నుంచి. నువ్వు ఈ జూలైలో వేసే రిటర్ను ఈ ముప్పై ఒకటితో ముగిసే ఏటిది. దానికి పాత లెక్కే. కొత్త పద్ధతిలో పోయినా ఈ ఏటికి ఏడు లక్షల దాకానే. నీకు ఇంటి లోను వడ్డీ ఉండాది, పొదుపు గూడా చూపిస్తే పాత పద్ధతే లాభం. ఇంకా ముప్పై ఒకటి దాటలేదు. కట్టేసేయ్.”

ఉమారాణి నాలుక కరుచుకుంది. “నిజమే సార్. లెక్కల టీచర్ని అయ్యుండి ఏడాది చూసుకోలేదు నేను. స్టాఫ్ రూములో అందరం ఇట్లే అనుకుంటాండాం.”

“అందరికీ చెప్పు. బడ్జెట్ ఫిబ్రవరిలో చెప్తారు, ఏప్రిల్ నుంచి నడుస్తాది, రిటర్ను ఆపై ఏడు వేస్తాం. జనాలు ఏటా తికమక పడేది ఈడే.”

ఒక్క క్షణం ఆయనకు ప్రాణం లేచొచ్చింది. ఇంకా తన అవసరం ఉందనిపించింది. ఉమారాణి ఫోన్లోనే డబ్బు వేసేసి, ఆయనకు బొరుగులు కలిపి పెట్టి, ఎదురుగా కూర్చుని తేలిగ్గా ఊపిరి పీల్చుకుంది.

“ఇదే ఆఖరు గదా సార్. వచ్చే ఏటి నుంచి ఈ గోల లేదు. మార్చి వచ్చిందంటే చేతిలో రూపాయి ఆడేది కాదు. ఇంగ హాయి.”

ఆమె సంతోషంగా అంది. చెడ్డమాట ఏమీ అనలేదు. అయినా లక్ష్మీనరసయ్య బొరుగులు పక్కన పెట్టేశాడు. ఇన్నేళ్ల తన మాట ఆమెకు గోల అన్నమాట. కొండ మీద కోట వైపు చూస్తూ, రైలుకు టైమవుతోందని చెప్పి లేచాడు.

ఇంటికొచ్చి అలివేలమ్మతో తేల్చి చెప్పేశాడు. “సత్రం వాళ్లకు కబురు పెడతా. ఈ ఏడు పంచాంగం లేదు.”

“కాళ్లనొప్పులని చెప్దామా?”

“అబద్ధం ఎందుకు? చెప్పేదేమీ లేదు కాబట్టి చెప్పలేదంటే సరి.”

అలివేలమ్మ వాదించలేదు. మొండితనంలో ఈయనకు సాటి ఈయనే అని పెళ్లయిన కొత్తలోనే ఆమె తెలుసుకుంది. పండక్కి పప్పు నానబోసే ఏర్పాట్లలో పడింది.

ఉగాది ఆదివారం వచ్చింది ఆ ఏడు. శుక్రవారం మధ్యాహ్నం లక్ష్మీనరసయ్య ఆ మాట చెప్పడానికి సత్రానికి వెళ్దామని చొక్కా తొడుక్కుంటుంటే గుమ్మం దగ్గర ఎవరో దగ్గారు. చూస్తే గంగక్క. చింతపండు మండీలో గింజలు తీసే పని చేస్తుంది. సత్రానికి ఎదురుగానే ఆ మండీ. యాభై దాటిన మనిషి, చేతులు ఎప్పుడూ పులుపు వాసన వేస్తుంటాయి. ఉగాది సాయంత్రం పానకం గ్లాసులు అందించేది ఈమే. అంతకుమించి ఈయనకు ఆమెతో పరిచయం లేదు.

“రా గంగక్కా. ఏంది ఇట్ల వచ్చినావు?”

గంగక్క లోపలికి రాలేదు. మెట్టు మీదే నిలబడి కొంగు నలుపుతోంది. ముఖంలో నెత్తురు చుక్క లేదు.

“సామీ, నావల్ల ఒక తప్పు జరిగిపాయె. మీరే కాపాడల్ల.”

“ఏమైంది?”

“ఈ ఏడు నేను టాక్సు కట్టలేకపోయినా.”

లక్ష్మీనరసయ్య చొక్కా గుండీ పెట్టుకుంటూ ఆగిపోయాడు. “నువ్వు టాక్సు కట్టేదేంది గంగక్కా?”

“అదేంది సామీ అట్లంటారు. ప్రతి ఏడూ కడతాండా గదా, పోస్టాఫీసులో. మీరు మైకులో చెప్పిన కాడ్నుంచి ఒక్క ఏడు గూడా తప్పలేదు. ఈసారి మనవరాలికి కాలేజీ ఫీజు కట్టేసరికి చేతిలో ఏమీ మిగల్లేదు. తారీఖు దగ్గరికొస్తాంది. నా పేరు రాసి పంపొద్దండి సామీ. వచ్చే ఏడు రెండేండ్లదీ కలిపి కడతా.”

లక్ష్మీనరసయ్య నెమ్మదిగా కుర్చీలో కూర్చున్నాడు. ఆమెను కూడా కూర్చోమన్నాడు, కూర్చోలేదు. మొదట్నుంచీ చెప్పమన్నాడు. ఆమె చెప్పింది. ఒక ఉగాదినాడు మండీలో గింజలు తీస్తూ ఎదురుగా సత్రం మైకు వింది. మార్చి ముప్పై ఒకటి లోపల అందరూ కట్టాలని, కట్టనివాళ్లు తర్వాత ఏడుస్తారని మైకు చెప్పింది. పక్కనున్న ఆడవాళ్లు పట్టించుకోలేదు. గంగక్కకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మర్నాడు పొద్దున్నే పోస్టాఫీసుకు వెళ్లి, ముప్పై ఒకటి లోపల కట్టేది ఎక్కడో చూపించమంది. అక్కడి గుమాస్తా ఆమెకు పీపీఎఫ్ అనే పదిహేనేళ్ల పొదుపు ఖాతా తెరిచి, పుస్తకం చేతికిచ్చి, ఏడాదికి ఐదువందలకు తగ్గకుండా ఎంతైనా కట్టవచ్చని చెప్పాడు.

“శెట్లంతా లచ్చలు కడతాంటే నేను ఐదొందలు కడితే చిన్నతనంగా ఉంటాదని అయిదువేలు కట్టినా సామీ. కూలి పెరిగినాక పదివేలు కడతాండా.”

“ఆ దుడ్లు ఏమైతాయనుకున్నావు?” లక్ష్మీనరసయ్య అడిగాడు.

“ఏమైతాయి? రోడ్లేస్తారు. మొన్న పెనుకొండ పోయే రోడ్డు బాగుచేసినారు గదా, దాంట్లో నాది గూడా ఉండాదని మా మనవరాలికి చెప్పినా.” ఆ మాట అన్నప్పుడు మాత్రం గంగక్క కొంచెం నిటారుగా నిలబడింది.

లోపల్నుంచి వింటున్న అలివేలమ్మ చేతిలో చేట పక్కన పెట్టి బయటికి వచ్చేసింది. భర్త వైపు చూసింది. నిజం చెప్తే రోడ్డులో ఆమె వాటా పోతుంది. చెప్పకుండా ఉండలేడు. నోటీసుకు జవాబు రాసేటప్పుడు కూడా ఒక్క అబద్ధం రాయని మనిషి ఆయన.

“గంగక్కా, అది టాక్సు కాదు. నీ సంపాదనకు టాక్సే లేదు. ఎప్పుడూ లేదు. నిన్ను కట్టమని ఎవురూ అనలేదు.”

గంగక్క అర్థం కానట్టు చూసింది. “మీరే అన్నారు గదా?”

“నేను పన్ను పడేటోళ్లకు చెప్పినా. కడితే వాళ్లకు పన్ను తగ్గుతాదని చెప్పినా. నీకు తగ్గేందుకు పన్నేదీ?”

“అయితే ఆ రోడ్డులో నాది లేదా?”

“లేదు.”

గంగక్క ముఖం చిన్నబోయింది. ఇన్నేళ్లు ఎవరితోనూ సరిసమానంగా నిలబడలేని మనిషి, ఏడాదికొకసారి శెట్లతో పాటు తనూ కడుతున్నానని నిలబడింది. అది కాస్తా పోయింది. లక్ష్మీనరసయ్యకు ఆ చూపు చూడటం కష్టమైంది. వెంటనే ముందుకు వంగి అన్నాడు.

“రోడ్డులో లేదు. పోస్టాఫీసులో ఉండాది. ఆ దుడ్లన్నీ నీవే. వడ్డీతో సహా.”

“నావా?”

“నీవే. నీ పుస్తకం ఉందా, చూపించు.”

ఆమె రొండిన దోపుకున్న పుస్తకం తీసి ఇచ్చింది. ఇదేదో రసీదు పుస్తకం అనుకుని దాచుకుందట. లక్ష్మీనరసయ్య చూశాడు. ఖాతా తెరిచింది రెండువేల పది మార్చి. తెరిచిన ఏడు ముగిశాక పదిహేనేళ్లు నిండాలి. సరిగ్గా ఈ ముప్పై ఒకటితో నిండుతున్నాయి. చివరి అంకె అలివేలమ్మకు చూపించాడు. ఆమె నోటి మీద చేయి పెట్టుకుంది.

“రెండు లక్షలకు దగ్గర దగ్గర ఉండాది గంగక్కా. ఏప్రిల్ ఒకటి దాటినాక నువ్వు తీసుకోవచ్చు. దాని మీద ఒక్క రూపాయి పన్ను లేదు. పాత పద్ధతిలోనూ లేదు, కొత్త పద్ధతిలోనూ లేదు.”

గంగక్క మెట్టు మీద కూలబడింది. ఈసారి ఎవరూ కూర్చోమనాల్సిన పని లేకపోయింది. తర్వాత భుజాలు కదిలాయి. ఏడుస్తోందేమోనని అలివేలమ్మ పక్కన కూర్చుని చేయి పట్టుకుంది. చూస్తే నవ్వుతోంది. కొంగు నోట్లో కుక్కుకున్నా ఆగని నవ్వు.

“పోస్టాఫీసులో ఆయప్ప చెప్తానే ఉన్నాడు తల్లీ, పెరుగుతాంది గంగక్కా, పెరుగుతాంది అని. నా టాక్సు పెరుగుతాందేమోనని నేను ఇంటికొచ్చి ఏడ్చేదాన్ని.”

దాంతో అలివేలమ్మ కూడా ఆగలేకపోయింది. ఇద్దరు ఆడవాళ్లూ మెట్టు మీద కూర్చుని ఒకరి మీద ఒకరు పడి నవ్వుతుంటే వీధిలో పోయేవాళ్లు నిలబడి చూశారు. లక్ష్మీనరసయ్య మాత్రం పుస్తకం చేతిలో పట్టుకుని కదలకుండా కూర్చున్నాడు. ఆయన కళ్లు తడిశాయి. ఆ సెక్షన్ ఎవరికోసం రాశారో వాళ్లంతా దాన్ని వదిలించుకుని ఊపిరి పీల్చుకుంటున్నారు. అది ఏనాడూ వర్తించని మనిషి, దానివల్ల ఒక్క పైసా తగ్గింపు పొందని మనిషి, తన మాట తుచ తప్పకుండా పాటించింది. లంచం లేకుండా నిలబడిన మాట ఒకటి ఈ ఊళ్లోనే, సత్రానికి ఎదురుగానే ఉంది. ఇన్నాళ్లూ తెలియలేదు, అంతే. అయితే అందులోనూ ఒక ముల్లు గుచ్చుకుంటూనే ఉంది. ఆమె కట్టింది భయంతో. ఇప్పుడు ఆ భయాన్ని కూడా తనే తీసేశాడు.

“రేపు శనివారం పోస్టాఫీసు ఉంటాది. ఈ ఏటికి ఐదొందలన్నా కట్టేయ్. లేకపోతే ఖాతా ఆగినట్టు రాసుకుంటారు, యాభై రూపాయలు దండుగ” అన్నాడు.

“జైల్లో పెట్టరా?”

“పెట్టరు.”

“సరే అయితే” అంది గంగక్క లేస్తూ. కొంచెం ఆలోచించి, “ఒక ధర్మవరం పట్టుచీర ఎంతుంటాది తల్లీ?” అని అలివేలమ్మను అడిగింది.

ఆమె వెళ్లాక లక్ష్మీనరసయ్య సత్రానికి వెళ్లాడు. వెళ్లి, షామియానా ఈసారి ఇంకొంచెం పెద్దది వేయమని చెప్పి వచ్చాడు. అలివేలమ్మ పప్పు ఇంకో సేరు ఎక్కువ నానబోసింది.

విశ్వావసు ఉగాది సాయంత్రం సత్రం ముందు ఇసుక వేస్తే రాలనంత జనం. పన్ను పోయిందని తెలిసి కూడా వచ్చారు. ఏం చెప్తాడో చూద్దామని కొందరు, పానకానికని కొందరు. ధర్మవరం నుంచి కృష్ణకాంత్ సంసారంతో సహా దిగాడు. పెనుకొండ నుంచి ఉమారాణి, స్టాఫ్ రూములో ఉన్న మిగతా టీచర్లను కూడా వెంటబెట్టుకుని వచ్చింది. వాళ్లందరి ముఖాల్లో ఏడాది లెక్క తప్పిన కంగారు కనిపిస్తోంది.

లక్ష్మీనరసయ్య మైకు సవరించుకున్నాడు. రాజపూజ్యం మాట చెప్పాడు, జనం నవ్వారు. తర్వాత ఒక్కొక్క రాశే తీసుకున్నాడు.

“జీతాల రాశి వాళ్లు వినండి. పన్నెండుముక్కాలు లక్షల దాకా లేదన్నది ఎల్లుండి నుంచి మొదలయ్యే ఏటికి. ఈ జూలైలో వేసేది పాత ఏటిది, తొందరపడి అన్నీ మానుకోవద్దండి. వ్యాపారస్తులు వినండి. ఆదాయం పన్నెండు దాటితే, దాటినదానికే పన్ను అనుకోవద్దు, లెక్క నాలుగు లక్షల పైనుంచి మొదలైతాది. కొంచెం దాటినోళ్లు మాత్రం బెదరొద్దు, దాటినదాని కంటే ఎక్కువ పన్ను పడదు. వడ్డీల, బాడుగల రాశి వాళ్లు వినండి. సైటు అమ్మినా, షేర్లు అమ్మినా ఆ లాభం ఈ పన్నెండులో కలపొద్దండి, దాని లెక్క వేరే. పింఛను రాశి వాళ్లకు ఈ ఏడు శుభం. అరవై నిండినోళ్లకు బ్యాంకు వడ్డీ ఏడాదికి లక్ష దాటేదాకా బ్యాంకోళ్లు ముందే పట్టుకోరు. ఇన్నాళ్లూ యాభై వేలకే పట్టుకునేటోళ్లు.”

అక్కడ ఆగి, నీళ్లు తాగాడు. జనం ఎదురుచూసేది తర్వాతి మాట కోసమే. అందరికీ తెలుసు, ఇప్పుడు పొదుపు వస్తుంది.

“పొదుపు గురించి ఏటా అరగంట చెప్పేవాణ్ణి. కొత్త పద్ధతిలో దానికి తగ్గింపు లేదు. మీలో శానామందికి తగ్గించుకునేందుకు పన్నే లేదు. దాచుకుంటే గవర్నమెంటు మీకేదో ఇస్తాదని ఇంగ నేను చెప్పలేను. చెప్తే అబద్ధమైతాది. అందుకని ఈ ఏడు నేను చెప్పను. గంగక్క చెప్తాది.”

జనంలో గుసగుస మొదలైంది. పానకం గ్లాసులు పళ్లెంలో పెట్టుకుని నిలబడ్డ గంగక్క బిత్తరపోయింది. ఎవరో పళ్లెం అందుకున్నారు, ఎవరో అరుగు వైపు తోశారు. లక్ష్మీనరసయ్య మైకు ఆమె ముందు పెట్టాడు. మైకులో చెప్పడం ఆమెకు చేతకాలేదు, మండీలో పక్కమనిషికి చెప్పినట్టు చెప్పింది. రోడ్డు సంగతి దగ్గర జనం కడుపులు పట్టుకుని నవ్వారు. రెండు లక్షల దగ్గర ఒక్కసారిగా నిశ్శబ్దమైపోయారు. ఉమారాణి లేచి నిలబడి మరీ వింటోంది. సత్రం గోడవతల నిలబడ్డ చింతపండు మండీ ఆడవాళ్లు, ఆ రోజు మైకును పట్టించుకోనివాళ్లు, ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు.

కృష్ణకాంత్ నోరు ఊరుకోదు కదా. ముందు వరసలోంచి అన్నాడు. “బాగుండాది గంగక్కా. నీకు చీర నేనే ఏరి పెడతా, రా. అయితే ఒక మాట. ఇప్పుడు కట్టాల్సిన పనే లేదని తెలిసిపాయె. భయం పాయె. ఇంగ ఎవురి కోసం కడతావు?”

శుక్రవారం నుంచి లక్ష్మీనరసయ్యను గుచ్చుతున్న ముల్లు అదే. అడిగే ధైర్యం ఆయనకు లేకపోయింది, అల్లుడు అడిగేశాడు. జనమంతా గంగక్క వైపు చూశారు.

గంగక్క ఎక్కువ ఆలోచించలేదు.

“ఏడుస్తా, భయపడ్తా కడితేనే ఇంత అయింది గదప్పా. ఇప్పుడు నవ్వుతా కడతా. ఎంతయితాదో చూస్తాను” అంది. లక్ష్మీనరసయ్య వైపు తిరిగి, “ఇంగో అయిదేండ్లు పొడిగించే దారి ఉండాదంట గదా సామీ, నిన్న కట్టేటప్పుడు ఆయప్ప చెప్పినాడు. ఆ కాగితం మీరే రాసియ్యండి” అని అడిగింది.

లక్ష్మీనరసయ్య మైకు అందుకున్నాడు. “రాసిస్తా. కాకపోతే ఇంగ మార్చి ఆఖరున కట్టొద్దు గంగక్కా. ఏప్రిల్ అయిదు లోపలే కట్టు, ఏడాదంతా వడ్డీ వస్తాది” అన్నాడు.

గోడవతల నుంచి మండీ ఆడవాళ్లలో ఒకరు గట్టిగా అడిగారు. “ఏప్రిల్ అయిదంటే ఈ శనివారమే గదా సామీ? మేమంతా వస్తే ఆ పోస్టాఫీసాయప్ప కసురుకోడు గదా?”